గుమ్మం బయట తెలుగు

పిల్లవాడు బడికి వెళ్ళే మొదటి రోజున ఇంటిల్లిపాదీ పండుగ చేస్తారు. కొత్త పలక కొంటారు, పప్పుబెల్లాలు పంచుతారు, పంతులుగారికి దక్షిణ ఇస్తారు. వాడు ఏడిస్తే ఎత్తుకొని ఊరడిస్తారు. అదే మనిషి యాభై ఏళ్ళు దాటిన తరువాత మళ్ళీ ఒక తరగతి గదిలో అడుగుపెడితే పప్పుబెల్లాలు పంచేవారెవ్వరూ ఉండరు. పైగా ఆ సంగతి ఇరుగుపొరుగులకు తెలియకుండా ఉండాలని అతడే జాగ్రత్తపడతాడు. పిల్లవాడికి ఏడ్చే హక్కు అయినా ఉంది. పెద్దవాడికి అదీ లేదు. వయోజనులకు ఆంగ్లం నేర్పే తరగతిలో మొదటి రోజు ఎలా ఉండాలన్న విషయం గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్న నాకు ముందుగా స్ఫురించేది ఈ భేదమే.

ఈ ఆలోచనకు కారణం తిరువూరులో నేను చూసిన ఒక సాయంకాలం. తిరువూరు తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టణం. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు కృష్ణాజిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. విజయవాడ పొలిమేరలోని ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్‌కు పోయే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. చుట్టూ మామిడి తోటలు, పత్తి చేలు, మిరప చేలు. సరిహద్దు ఊరు కావడంవల్ల బజారులో కృష్ణాజిల్లా యాస, ఖమ్మం జిల్లా యాస పక్కపక్కనే వినిపిస్తాయి. తండాల నుంచి వచ్చినవారు తమలో తాము లంబాడీ భాష మాట్లాడుకొంటారు. మెకానిక్ షెడ్డు ముందు నిలబడితే ఉర్దూ చెవిన పడుతుంది. ఇన్ని భాషలు ఇంత సహజంగా కలిసి బతుకుతున్న ఊళ్ళో, ఒక భాష నేర్చుకోవడానికి మనుషులు అంత భయపడడం నేను ఊహించలేదు.

మా పిన్నిని ఆ తరగతికి తీసుకువెళ్ళే పని నా మీద పడింది. ఆమెకు అరవై ఏళ్ళు నిండాయి. కూతురు అమెరికాలో స్థిరపడింది. మనవరాలికి ఆరేళ్ళు, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. ఫోనులో బొమ్మ కనిపిస్తుంది, నవ్వుతుంది, చెయ్యి ఊపుతుంది; ఆ పైన అమ్మమ్మకూ మనవరాలికీ నడుమ మాట సాగదు. మనవరాలికి తెలుగు నేర్పడం కన్నా అమ్మమ్మ ఇంగ్లీషు నేర్చుకోవడమే తేలిక అని ఆ ఇంట్లో తీర్మానమైంది. ఈ తీర్మానం మీద నాకు వేరే అభిప్రాయం ఉంది గాని, పిన్ని ఉత్సాహం ముందు దాన్ని బయటపెట్టలేదు.

తరగతి ఒక మేడమీది గదిలో జరుగుతుంది. మెట్లెక్కగానే గుమ్మం దగ్గర రెండు బోర్డులు కనిపించాయి. మొదటిది తెలుగులో ఉంది: 'చెప్పులు బయట విడువవలెను.' దాని కింద రెండవది ఇంగ్లీషులో ఉంది: లోపల తెలుగు మాట్లాడరాదు, మాట్లాడితే మాటకు అయిదు రూపాయలు జరిమానా. పిన్ని మొదటి బోర్డు చదివి చెప్పులు విడిచింది. రెండవ దానిలో ఏముందని నన్ను అడిగింది. చెప్పాను. "అయితే లోపలికి వెళ్ళి మూగనోము పట్టాలన్నమాట" అని నవ్వి లోపలికి నడిచింది. ఆ నవ్వులో ఉన్న బెరుకు నాకు తెలియకపోలేదు.

గదిలో పదకొండు మంది ఉన్నారు. మామిడికాయల కమీషను వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన, మందుల దుకాణంలో పనిచేసే యువకుడు, తండా నుంచి వచ్చిన ఆశా కార్యకర్త, కొడుకు చదివే బడిలో సమావేశానికి వెళ్ళాలంటే జంకే తల్లులు ఇద్దరు, మరికొందరు. ఎవరి అవసరం వారిది. అయితే అందరూ కూర్చున్న తీరు మాత్రం ఒక్కటే: వెనుక బెంచీలు నిండిపోయి ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పాతికేళ్ళు దాటని ఉపాధ్యాయుడు వచ్చాడు. మంచివాడు, శ్రద్ధ కలవాడు. నమస్కారాలు అయిన వెంటనే, ఒక్కొక్కరూ లేచి తమ గురించి ఇంగ్లీషులో చెప్పాలన్నాడు.

మొదట కమీషను వ్యాపారి లేచాడు. మార్కెట్టులో వందమంది మధ్య గొంతెత్తి ధర పలికే మనిషి ఆయన. "మై నేమ్..." అని మొదలుపెట్టి, తన పేరు చెప్పి ఆగాడు. ఉపాధ్యాయుడు "ఈజ్, ఈజ్" అన్నాడు. ఆయన మళ్ళీ అలాగే చెప్పాడు. ఉపాధ్యాయుడు మళ్ళీ "ఈజ్" అన్నాడు. వెనుకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వ్యాపారి ఏదో అడగబోయి, గోడమీది జరిమానా కాగితం చూసి, నోరు మూసుకొని కూర్చున్నాడు.

ఆయన చేసిన తప్పేమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. 'నా పేరు రాము' అన్నది తెలుగులో నిండు వాక్యం. అందులో క్రియ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. రెండు నామాలు పక్కపక్కన నిలిస్తే చాలు, మన భాషలో అర్థం పూర్తవుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. రెంటి నడుమ ఒక క్రియ నిలబడి తీరాలి. కాబట్టి ఆ పెద్దమనిషి 'ఈజ్' వదిలివేయడం తెలివితక్కువతనం వల్ల జరిగిన పని కాదు. యాభై ఏళ్ళుగా తన నోట పొల్లుపోకుండా పలుకుతున్న ఒక వ్యాకరణాన్ని ఆయన నమ్మకంగా పాటించాడు. ఈ సంగతి ఆయనకు తెలుగులో ఒక్క మాటగా చెప్పి ఉంటే ఆ క్షణంలోనే వెలిగి ఉండేది. చెప్పడానికి ఉపాధ్యాయుడికి వీలులేదు, అడగడానికి ఆయనకు వీలులేదు. బోర్డు ఇద్దరినీ కట్టివేసింది.

నా అభిప్రాయంలో తెలుగును నిషేధించిన తరగతి గదిలో నిజానికి నిషేధానికి గురయ్యేది ప్రశ్న. చిన్నపిల్లలు భాషను వింటూ అనుకరిస్తూ నేర్చుకోగలరు. వయోజనుడి మనస్సు అలా కాదు. అతడికి 'ఎందుకు' అన్నది తెలియాలి. నువ్వు అన్నా, మీరు అన్నా ఇంగ్లీషులో ఒకటే మాట ఎందుకు? పెద్దవారిని అలా పిలవడం అమర్యాద కాదా? మనం అన్నా, మేము అన్నా అదే మాట అయినప్పుడు, ఎదుటివాడిని కలుపుకొన్నామో వదిలేశామో ఎలా తెలుస్తుంది? ఆకలి నాకు వేస్తుంది కదా, నేను ఆకలిగా ఉండడమేమిటి? ఇవి మొదటి రోజునే పుట్టే ప్రశ్నలు. భాషాశాస్త్రజ్ఞులు పుస్తకాలు రాసిన ప్రశ్నలు. వీటిని ఇంగ్లీషులో అడగగలిగేంత ఇంగ్లీషు వస్తే ఆ మనిషికి ఆ తరగతితో పనే ఉండదు.

కొత్త భాష నేర్చుకొనే పెద్దవాడు అడిగే ప్రశ్న ఎంత దూరం పోగలదో తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి ఒక సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడుకొనే తెలుగుకూ, పుస్తకాలలోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకు ఉంది అన్నదే ఆ సందేహం. పుట్టుకతో తెలుగు మాట్లాడేవారికి అలవాటైపోయి కనిపించని అగాధం, కొత్తగా వచ్చినవాడి కళ్ళకు కనిపించింది. ఆ ప్రశ్న విశాఖపట్నంలోని కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు రామమూర్తి పంతులుగారిని, గురజాడ అప్పారావుగారిని కలిపింది. వ్యావహారిక భాషోద్యమానికి అది ఒక ప్రధాన ప్రేరణ అయింది. ఈనాడు మీరు చదువుతున్న ఈ పాఠం గ్రాంథికంలో కాక ఈ భాషలో ఉండడానికి వెనుక ఒక పరాయి విద్యార్థి అడిగిన ప్రశ్న కూడా ఉంది. ఆనాడు యేట్స్‌కు ఎవరైనా నోరు మూసుకొని వల్లెవేయమని చెప్పి ఉంటే ఏమయ్యేదో!

గిడుగువారి జీవితంలోనే మనకు మరింత దగ్గరి నిదర్శనం దొరుకుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఆయనకు చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనిపించింది. అప్పటికి ఆ భాషకు పుస్తకాలు లేవు, లిపి లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని ఆయన ఆ భాష నేర్చుకొన్నారు. ఎన్నో ఏళ్ళు శ్రమించి సవర వ్యాకరణాన్ని, నిఘంటువును రచించారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు నడిపారు. ఇక్కడ గమనించవలసింది ఆయన ఎంచుకొన్న దారి. సవర భాషకు ఆయన తెలుగు వంతెన మీదనే నడిచి వెళ్ళారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ రోజు సభల్లో తెలుగు గొప్పతనం గురించి చాలా చెబుతాము గాని, ఆయన పెద్దవయస్సులో ఒక కొత్త భాషకు విద్యార్థి అయ్యారన్న సంగతి అంతగా చెప్పుకోము.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చేనాటికి పద్దెనిమిదేళ్ళవాడు. సుమారుగా మీకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. అక్కడి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడపకు ఉద్యోగం మీద వెళ్ళాడు. 1829 నాటికి వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. తరువాత వ్యాకరణం, నిఘంటువు వచ్చాయి. తెలుగు నేర్చుకొంటూ ఆయన ఇంగ్లీషును గుమ్మం బయట విడిచిపెట్టలేదు. ప్రతి తెలుగు మాటనూ తన మాట పక్కన పెట్టి తూచి చూశాడు. అలా తూచిన ఫలితమే ఆయన నిఘంటువు. దొర తెలుగు నేర్చుకొంటే పక్కన ఇంగ్లీషు ఉండవచ్చు. మన వ్యాపారి ఇంగ్లీషు నేర్చుకొంటే పక్కన తెలుగు ఉండకూడదు. ఈ న్యాయం ఎక్కడిదో నాకు తెలియదు.

మళ్ళీ తిరువూరు గదిలోకి వద్దాము. రెండవ వంతు పిన్నిది. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని ఉపాధ్యాయుడు మృదువుగానే అడిగాడు. ప్రశ్న ఆమెకు అర్థమైంది. ఆమాత్రం ఇంగ్లీషు ఆరో తరగతిలో చదివింది. అయినా చాలాసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషు రాక ఆగిందని అందరూ అనుకొన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు నాతో అన్నది: "నా పేరు నన్ను అడిగి ఎన్నేళ్ళయిందిరా! పెళ్ళయినప్పటి నుంచి ఫలానావారి కోడలు, ఆ తరువాత ఫలానా అమ్మాయి వాళ్ళమ్మ. బ్యాంకులో సంతకం పెట్టడమే గాని, నోటితో నా పేరు నేను చెప్పుకొని ముప్ఫై ఏళ్ళు దాటింది. అందరి ముందూ చెప్పాలంటే ఏదోలా అనిపించింది."

తరగతిలో మొదటి ప్రశ్నగా మనం అతి సులువైనదనుకొని అడిగేది ఒక్కొక్కరికి ఎంత బరువైనదో ఆ రోజు నాకు తెలిసింది. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చినవారు నూటికి 25 మందికి మించలేదు. స్త్రీలలో అంతకన్నా తక్కువ. ఆ కాలంలో బాల్యం గడిపినవారు ఇప్పుడు ఇంగ్లీషు తరగతి మెట్లెక్కుతున్నారంటే వారు దాటి వచ్చిన దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి గదా! వారికి తప్పు చెప్పేముందు ఒక్క క్షణం ఆగాలి గదా!

తండా నుంచి వచ్చిన ఆశా కార్యకర్త వంతు వచ్చేసరికి గది బిగుసుకుపోయి ఉంది. ఆమె రెండు వాక్యాలు ఎలాగో చెప్పి, తనకు భాషలు రావని అర్థం వచ్చేలా చెయ్యి ఊపి కూర్చున్నది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంట్లో ఆమె మాట్లాడేది లంబాడీ. బజారులో, ఆసుపత్రిలో మాట్లాడేది తెలుగు. అంటే తెలుగు ఆమెకు నేర్చుకొన్న భాష. ఏ వ్యాకరణమూ చదవకుండా, ఏ జరిమానా కట్టకుండా, ఒక పరాయి భాషను ఆమె ఇంత చక్కగా పట్టుకొన్నది. ఒక గర్భిణి ఇంటికి వెళ్ళి ఒక భాషలో ప్రశ్నలు అడిగి, మరొక భాషలో రిజిస్టరు రాస్తుంది. ఆ గదిలో ఉన్న అందరిలోకీ, నిజం చెప్పాలంటే ఉపాధ్యాయుడితో సహా, భాష నేర్చుకోవడంలో గట్టి అనుభవం ఉన్న మనిషి ఆమె. తనకు భాషలు రావని ఆమె నమ్ముతున్నది. ఆ నమ్మకాన్ని ఆమెకు నేర్పింది ఎవరు?

వయోజనుడు ఖాళీ పలకగా రాడు. ఈ మాట చెప్పినవారిలో బ్రెజిల్ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ ప్రముఖుడు. 1963లో అంజికోస్ అనే పట్టణంలో సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పించిన ప్రయోగం ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. ఆయన అక్షరమాలతో మొదలుపెట్టేవాడు కాదు; అక్కడివారి నిత్యజీవితంలోని మాటలు ఏరి, వాటితో మొదలుపెట్టేవాడు. ఇటుకలు మోసేవాడికి ఇటుక అన్న మాటే తొలి పాఠం. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట కథ కూడా ఇలాంటిదే. 1990 తరువాత సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో, వయోజనుల వాచకంలోని సీతమ్మ కథ అనే పాఠం ఆ ఊరి స్త్రీలకు తమ ఇళ్ళలోని సారా బాధనే చూపించింది. పాఠం చదివి వారు ఊరుకోలేదు. సారా దుకాణం మీదికి కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించే దాకా వెళ్ళింది. ఇంగ్లీషు తరగతి నుంచి ఉద్యమాలు రావాలని నేను అనడంలేదు. తమ బతుకు పాఠంలో కనిపించినప్పుడు పెద్దవారు ఎంత వేగంగా నేర్చుకొంటారో చూపడానికే ఈ మాట చెప్పాను.

2012లో వచ్చిన 'ఇంగ్లీష్ వింగ్లీష్' చిత్రం మీలో కొందరు చూసే ఉంటారు. శ్రీదేవి ధరించిన గృహిణి పాత్ర న్యూయార్కులో ఇంగ్లీషు తరగతిలో చేరుతుంది. ఏం చేస్తావని ఉపాధ్యాయుడు అడిగితే, లడ్డూలు చేసి అమ్ముతానని బెదురుతూ చెబుతుంది. దానికి ఆయన, అలాంటి పనిచేసేవారిని వ్యాపార నిర్వాహకులంటారని ఒక పెద్ద ఇంగ్లీషు మాట అందిస్తాడు. వీధిలో నడుస్తూ ఆమె ఆ మాటను పదేపదే పలుకుకొంటుంది. కొత్త భాష ఆమెకు ఇచ్చిన తొలి కానుక, అంతకుముందే ఆమె చేస్తున్న పనికి ఒక గౌరవం. సినిమా గనుక కొంత తీపి ఎక్కువైంది. ఆ ఘట్టం మాత్రం ఉపాధ్యాయులందరూ చూడదగినది.

మన కమీషను వ్యాపారికి అలాంటి మాటలు కొత్తగా ఇవ్వవలసిన పనికూడా లేదు. లోడు, గ్రేడు, రేటు, అడ్వాన్సు, కమీషను, లారీ, డ్రైవరు, ఎక్స్‌పోర్టు: ఆయన నోట రోజూ దొర్లే మాటలివి. మందుల దుకాణం యువకుడికి వచ్చిన ఇంగ్లీషు మాటలు రాస్తే ఒక నోటుపుస్తకం నిండుతుంది. బస్సు, టికెట్టు, బ్యాలెన్సు, రీఛార్జి తెలియని మనిషి ఈనాడు పల్లెలో కూడా లేడు. తెలుగు అజంత భాష కావడంచేత మనం వాటి చివర ఒక అచ్చు తగిలించుకొన్నాము, అంతే. మొదటి రోజున ఈ మాటలనే ఒక్కొక్కరి చేత చెప్పించి నల్లబల్ల నింపితే, 'నాకేమీ రాదు' అన్న భయం సగం పోతుంది. ఇంగ్లీషువారు మన దగ్గర తీసుకొన్న మాట ఒకటి కూడా బల్ల మీద రాయవచ్చు. మన పందికొక్కే వారి నోట బ్యాండికూట్ అయింది. మన మాటను వారు సరిగ్గా పలకలేదని ఎవరూ వారికి జరిమానా వేయలేదు.

తరగతి అయిన తరువాత ఆ యువ ఉపాధ్యాయుడితో కాసేపు మాట్లాడాను. నా మాటలు ఓపికగా విని, తన వాదం వినిపించాడు. "మాస్టారూ, తెలుగుకు ఒక్కసారి తలుపు తెరిస్తే ఇక ఇంగ్లీషు లోపలికి రాదు. గంటసేపూ తెలుగులో కబుర్లు చెప్పుకొని వెళ్ళిపోతారు. ఈ గది దాటితే వీరికి ఇంగ్లీషు వినిపించే చోటు ఈ ఊళ్ళో మరొకటి లేదు. ఈ గంట కూడా పోతే ఎలా?" అన్నాడు. ఇది కొట్టివేయదగిన వాదం కాదు. ఈదడం నేర్చుకోవాలంటే నీళ్ళలో దిగవలసిందే; గట్టున కూర్చొని ఈత గురించి తెలుగులో ఎంత మాట్లాడుకొన్నా లాభం లేదు. పది రోజులు గడిచాక గంటలో ముప్పాతిక వంతు ఇంగ్లీషే నడవాలని నేనూ అంటాను. వాక్యాలు నోట ఆడాలి, తప్పులు దొర్లాలి, నవ్వులాటలు జరగాలి. అయితే, నీళ్ళంటే భయపడేవాడిని మొదటి రోజే నడిబావిలోకి తోసి, అరిస్తే జరిమానా అంటే వాడు ఈత నేర్చుకోడు. మరునాడు ఆ బావి దరిదాపులకు రాడు. మొదటి రోజు తరగతికి ఉన్న పని ఒక్కటే: రెండవ రోజు మనిషిని తిరిగి రప్పించడం.

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరి ఉంటారు. భౌతికశాస్త్రం మొదటి తరగతిలో మీకు తెలిసిన సంగతే తెలియని మాటల్లో వినిపించినప్పుడు కలిగిన కంగారు మీకు గుర్తుండే ఉంటుంది. త్వరణం మీకు తెలుసు. ఆక్సిలరేషన్ అనగానే తెలియదనుకొన్నారు. పక్కనున్న స్నేహితుడు చెవిలో తెలుగు మాట చెప్పగానే ఊపిరి పీల్చుకొన్నారు. ఆ స్నేహితుడు ఆ క్షణంలో చేసిన పనినే నేను ఉపాధ్యాయుడి నుంచి కోరుతున్నాను.

మరునాడు కమీషను వ్యాపారి తరగతికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మామిడికాయల కాలం కాబట్టి పని ఒత్తిడి అని కొందరన్నారు. అయి ఉండవచ్చు. నేను ఒకసారి బజారులో కనబడి పలకరిస్తే, "మనకెందుకు లెండి మాస్టారూ, ఆ చదువులు పిల్లలకు" అని మాట మార్చాడు. ఆయన అసలు ఎందుకు చేరాడో అప్పుడు తెలిసింది. దూరప్రాంతాల కొనుగోలుదారులు పంపే కాగితాల్లో ఏముందో చదవడానికి ఎప్పుడూ ఇంకొకరి మీద ఆధారపడవలసి వస్తున్నది. ఒకసారి అలా ఆధారపడి నష్టపోయాడు కూడా. ఆయనకు ఇంగ్లీషు డాబు కోసం అక్కరలేదు. తన సరుకు లెక్క తను చూసుకోవడానికి కావాలి. 'ఈజ్' అన్న చిన్న మాట దగ్గర ఆ అవసరం ఆగిపోయింది. ఇలా ఆగిపోయినవారి లెక్క ఏ తరగతి హాజరు పట్టీలోనూ ఉండదు. మొదటి రోజు తరువాత రానివారి పేరు మూడవ రోజున కొట్టివేస్తారు.

పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రిభుజం ఉంటే అది అత్యంత విషపూరితమని రైతుకు రంగు చూసి తెలియవచ్చు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు చదవగలిగితే ఇంకా కొంత తెలుస్తుంది. ఆసుపత్రి చీటీ, బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే సందేశం, పిల్లవాడి ప్రగతి పత్రం, అన్నీ ఇంతే. ఇవన్నీ తెలుగులో ఉండాలని పోరాడడం న్యాయమే. నేను ఆ పోరాటం వైపే ఉన్నాను. అవి తెలుగులోకి వచ్చేదాకా మా పిన్ని, ఆ వ్యాపారి, ఆ ఆశా కార్యకర్త ఇంకొకరి ముఖం చూస్తూ కూర్చోవాలనడం మాత్రం న్యాయం కాదు. తెలుగు మీద ప్రేమ, ఇంగ్లీషు అవసరం ఒకే మనిషిలో తగవు లేకుండా ఉండగలవు. తగవు పెట్టింది గోడమీది కాగితం.

వారం తరువాత పిన్నిని దింపడానికి వెళ్ళినప్పుడు జరిమానా కాగితం కనబడలేదు. తీసివేశారో, గాలికి ఊడిపోయిందో నేను అడగలేదు. నల్లబల్ల మీద ఎడమవైపు తెలుగు వాక్యాలు, కుడివైపు ఇంగ్లీషు వాక్యాలు రాసి ఉన్నాయి. 'నా పేరు' అన్న చోట నడుమ ఒక చిన్న ఖాళీ గీత గీసి, కుడివైపు ఆ ఖాళీలో 'ఈజ్' అని ఎర్ర సుద్దతో రాశారు. ముందు బెంచీలో ఆశా కార్యకర్త కూర్చొని ఉన్నది. వ్యాపారి కూర్చొన్న చోట మరెవరో కూర్చొన్నారు.

మొన్న పిన్ని ఇంటికి వెళ్ళేసరికి ఆమె ఫోనులో మనవరాలితో మాట్లాడుతున్నది. ఏం తిన్నావని ఇంగ్లీషులో అడిగింది. కాలం తప్పింది గాని పిల్లకు అర్థమై జవాబు చెప్పింది. పిన్ని పళ్ళెంలోని బంగినపల్లి మామిడిపండు ఎత్తి చూపింది. అదేమిటని పిల్ల అడిగింది. ఇంగ్లీషు మాట పిన్నికి తెలుసు. అయినా "మామిడిపండు" అని తెలుగులోనే చెప్పింది. అటునుంచి పిల్ల రెండు మూడు సార్లు ప్రయత్నించి "మామిదీపందూ" అన్నది. పిన్ని దిద్దలేదు. "ఇంకోసారి అను తల్లీ" అన్నది.